త్రిఫల చూర్ణము – వ్యాధినిరోధక శక్తి – సేవించువారు తెలిసికొనవలసిన విషయములు

తెలుగువారు ఏ దేశమునకు వెళ్లినను వెంట తీసికొనిపోవు వస్తువులలో పంచాంగము ఒకటి, ఆవకాయ జాడీ ఒకటి, త్రిఫల చూర్ణపు డబ్బా ఒకటి. కొబ్బరితోటలలోను, రబ్బరుతోటలలోను చెమటోడ్చిన మన పెద్దలకు వైద్యుడు దూరము, వంటింటి అలమర దగ్గర. మలబద్ధము వచ్చినను, కన్నులు మండినను, నోరు పూసినను వారి చేయి ముందుగా ఆ డబ్బా మీదికే పోయెడిది. ఆ అలవాటు నేటికిని మన యిండ్లలో నిలిచియున్నది. అది మెచ్చదగినదే. అయితే ఆనాటి పెద్దలు ఆ చూర్ణమును ఒంటరిగా సేవించిరి. నేటి పెద్దలు నాలుగైదు మాత్రలతో కలిపి సేవించుచున్నారు. ఈ భేదమును గుర్తింపజేయుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మా తల్లిగారు పేరాక్ రాష్ట్రమున బాగన్ దతో ప్రాంతపు కొబ్బరితోటలో పుట్టి పెరిగినవారు. ఇప్పుడు జర్మనీ దేశమున జీగెన్ పట్టణములో నావద్ద నున్నారు. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని వైద్యులు పిలుచు కీళ్లవాతము వారికి చాలకాలముగా ఉన్నది. దానికి వారమున కొకసారి మెథోట్రెక్సేట్ అను మాత్రను వేసికొనుచున్నారు. ఒకనాడు బంధువులు ప్రేమతో ఒక త్రిఫల పొట్లమును తెచ్చియిచ్చిరి. దానిపై ‘వ్యాధినిరోధక శక్తిని పెంచును’ అని అచ్చువేసి యున్నది. అమ్మ దానిని చదివించుకొని నన్ను ఇట్లడిగినది: “ఈ ఊరి డాక్టరేమో నా ఒంట్లో శక్తి దారి తప్పి కీళ్లను తింటోంది, దాన్ని తగ్గించాలంటాడు. ఈ పొట్లమేమో పెంచుతానంటోంది. ఎవరి మాట వినమంటావు నాయనా?”

నేను నవ్వి, “కాయల పొడే కదమ్మా, ఏమీ కాదులే” అంటిని. ఆ మాట తొందరపాటని తరువాత తెలిసినది. ఏమి జరిగినదో ముందు చెప్పెదను. మొదట ఆ మూడు కాయల సంగతి చూతము.

మూడు కాయలు

కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ – ఈ మూడింటిని ఎండబెట్టి, గింజలు తీసివేసి, సమభాగములుగా చూర్ణము చేసినచో అది త్రిఫలము. సంస్కృతమున వీటిని హరీతకి, విభీతకి, ఆమలకి అందురు. చరక సంహితలోను, సుశ్రుత సంహితలోను ఈ మూడింటి ప్రశంస కలదు. సమభాగములే గాక చరకమున వేరొక క్రమముకూడ చెప్పబడినది: తిన్నది అరిగిన పిమ్మట కరక్కాయ ఒకటి, భోజనమునకు ముందు తానికాయలు రెండు, భోజనానంతరము ఉసిరికాయలు నాలుగు, తేనెతోను నేతితోను. దీనినిబట్టి ఒక సంగతి గ్రహింపదగును. మన శాస్త్రకారులు దీనిని చెంచాడు పొడిగా కాక, కాలము, మాత్ర, అనుపానము అను మూడింటితో కూడిన విధిగా చెప్పిరి.

ఉసిరి మనకు ఔషధమే కాదు, ఆరాధ్యముకూడ. కార్తిక మాసమున ఉసిరిచెట్టు క్రింద వనభోజనము చేయుదుము. క్షీరాబ్ధి ద్వాదశినాడు తులసికోటలో ఉసిరికొమ్మను నిలిపి పూజింతుము. ఉసిరికాయపై వత్తి వెలిగించి దీపము పెట్టుదుము. మలేషియాలో పెరిగిన మన పిల్లలకు మరొక మాట చెప్పవలెను: ఆ దేశమున ‘పోకొక్ మెలక’ అని పిలుచు చెట్టు మన ఉసిరియే. పరమేశ్వరుడను రాకుమారుడు ఆ చెట్టునీడను విశ్రమించి, తాను నెలకొల్పిన పట్టణమునకు దాని పేరే పెట్టెనని మలక్కా కథ. మన పెద్దలు ఓడ దిగిన దేశమున మన చెట్టు ముందే వేళ్లూని యుండెను.

వగరు చేయు పని

ఉగాది పచ్చడిలోని ఆరు రుచులలో వగరు ఒకటి. కరక్కాయకును, ఉసిరికాయకును ఉప్పు తప్ప మిగిలిన అయిదు రుచులును కలవని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. వానిలో వగరే త్రిఫలమునకు ప్రాణము. ఆ వగరునిచ్చు పదార్థములకు టానిన్లు అని రసాయన శాస్త్రమున పేరు. చెబులాజిక్ ఆమ్లము, చెబులినిక్ ఆమ్లము, గాలిక్ ఆమ్లము, ఎల్లాజిక్ ఆమ్లము మొదలగునవి ఈ కాయలలో విరివిగా నున్నవి.

టానిన్ల గుణము జీగెన్ ప్రాంతపు రైతులకు వైద్యగ్రంథములు చదువకయే తెలిసెను. ఈ పట్టణము చుట్టునున్న కొండలమీద ‘హౌబెర్గ్’ అను ఉమ్మడి అడవులు కలవు. అక్కడి ఓక్, బర్చ్ చెట్లను వంతులవారీగా కొట్టి, కట్టెను బొగ్గుచేసి ఇనుప కొలుములకును, ఓక్ చెట్టు బెరడును తోళ్లు పదునుచేయువారికిని అమ్మెడివారు. ఓక్ బెరడులో నున్నది ఆ టానిన్ల జాతియే. మన దేశమునను కరక్కాయలతో తోళ్లు పదును చేసెడివారు. 19వ శతాబ్దమున ‘మైరొబలాన్’ అను పేరుతో ఆ కాయలు ఐరోపా తోళ్ల పరిశ్రమకు ఓడలలో వచ్చెడివి. టానిను మాంసకృత్తులను పట్టుకొని బిగించును. అందువలననే పచ్చితోలు కుళ్లక చర్మమగును. అందువలననే కరక్కాయ కొరికినచో నాలుక బిగుసుకొనును.

ఇది తెలిసినచో త్రిఫలము బలములేని పొడి కాదని బోధపడును. పట్టుకొని బిగించు గుణమున్న పదార్థము ప్రేగులలోనికి పోయి ఊరకుండదు. అక్కడి సూక్ష్మజీవులు దానిని విరిచి వేరు పదార్థములుగా మార్చును. ఆ సూక్ష్మజీవులు ఒకరికున్నట్లు మరొకరికి ఉండవు గనుక ఒకే చూర్ణము ఇద్దరిలో ఒకే రీతిగా పనిచేయునని చెప్పుటకు వీలులేదు. మరియు, టానిన్లు ఆహారములోని ఇనుమునుకూడ పట్టుకొనును. రక్తహీనత గలవారు భోజనముతోపాటుగాని, ఇనుపమాత్రలతోపాటుగాని దీనిని తీసికొనినచో ఆ ఇనుము కొంత వ్యర్థమగును.

ఉసిరిలోని సి విటమిను సంగతి అందరు నెరుగుదురు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పూర్వము ప్రకటించిన పట్టికలో 100 గ్రాముల తాజా ఉసిరికి 600 మిల్లీగ్రాములని యుండెను. 2017లో వెలువడిన నూతన పట్టికలోని అంకె అంతకన్న చాల తక్కువ. అయినను నారింజను మించియే యున్నది. కాని ఎండబెట్టి, పొడిచేసి, నెలలతరబడి నిలువయుంచిన చూర్ణమున ఆ విటమిను తాజాకాయలో నున్నంత ఉండునని ఆశింపరాదు.

వ్యాధినిరోధక శక్తి యనగా నేమి?

జీగెన్‌కు తూర్పున, ఎంతో దూరము లేని మార్బుర్గ్ పట్టణమున ఎమిల్ ఫాన్ బేరింగ్ అను వైద్యశాస్త్రజ్ఞుడు పనిచేసెను. కంఠసర్పి యనబడు డిఫ్తీరియా వ్యాధికి విరుగుడు రసిని కనుగొన్నందుకు 1901లో వైద్యశాస్త్రమున మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే లభించెను. ఆయనకు తోడుగా పరిశోధించిన పౌల్ ఎర్లిఖ్ 1908లో అదే బహుమానమును మెచ్నికోఫ్‌తో పంచుకొనెను. శరీరము తన్ను తాను దండించుకొనుటకు వెఱచునని ఎర్లిఖ్ భావించెను. ఆ వెఱపు కొందరిలో సడలిపోవునని తరువాతి తరములు కనుగొనినవి.

దీనిని మన తోటల భాషలో చెప్పవచ్చును. ఎస్టేటునకు ఒక కావలివాడుండును. దొంగను పట్టుట వాని పని. ఇంటివారిని గుర్తుపట్టి విడిచిపెట్టుటయు వాని పనియే. దొంగను చూచియు నిద్రించినచో అది ఒక రోగము, అంటువ్యాధులు పైబడును. ఇంటివారినే దొంగలనుకొని కొట్టినచో అది మరొక రోగము. కీళ్లవాతమున జరుగునది ఈ రెండవదే. అట్టి ఇంటికి ‘కావలివాని చేతికి మరింత పెద్దకఱ్ఱ నిచ్చెదను’ అని ఎవరైన వచ్చినచో మనము సంతోషింపగలమా?

కనుక ‘వ్యాధినిరోధక శక్తిని పెంచును’ అనునది అందరికిని శుభవార్త కాదు. కీళ్లవాతము, లూపస్, సోరియాసిస్ వంటి వ్యాధులున్నవారికిని, మూత్రపిండమునో కాలేయమునో మార్పిడి చేయించుకొనినవారికిని వైద్యులు ఆ శక్తిని బుద్ధిపూర్వకముగా అణచుచుందురు. అమ్మ ప్రశ్నలోని వివేకము ఇదియే. ఆమె బడికి వెళ్లినది కొద్దియే. కాని ఒకే శరీరమునకు రెండు ఎదురుబొదురు ఆజ్ఞలు ఇయ్యరాదని గ్రహించెను.

ఒక తెలుగువాని మందు

అమ్మ వేసికొను మెథోట్రెక్సేట్ వెనుక ఒక తెలుగువాని కృషి యున్నదని చెప్పినప్పుడు ఆమె కన్నులు మెరసినవి. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. మద్రాసులో వైద్యవిద్య నభ్యసించిరి. వారి సోదరులను బలిగొన్న స్ప్రూ అను ప్రేగుల వ్యాధి వారికిని సోకినది. ఆ సమయమున వారిని స్వస్థపరచినది డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్స. పిమ్మట సుబ్బారావుగారు మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో బోధించిరి. అటుపిమ్మట అమెరికాకు వెళ్లి హార్వర్డులోను, ఆ తరువాత లెడర్లీ పరిశోధనాలయములోను పనిచేసిరి. వారి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము తయారైనది. ఆ ఆమ్లమునకు ప్రతికూలముగా పనిచేయు అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అను మందులును వెలువడినవి. 1948లో బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి, తాత్కాలికముగానైన వ్యాధి తగ్గుటను లోకమునకు చూపెను. ఆ యేడే సుబ్బారావుగారు దివంగతులైరి. 1951లో ఆ కోవ మందునే కీళ్లవాతమునకు వాడిచూచిరి. నేడు మెథోట్రెక్సేట్ ఆ వ్యాధికి ప్రధానౌషధములలో ఒకటి.

ఆయుర్వేదముచే ప్రాణము నిలుపుకొని, ఆయుర్వేదమును బోధించి, ఆపై రసాయన శాస్త్రముచే మందులను సాధించిన మహనీయుడాయన. రెండు వైద్యములకును వైరము కల్పించువారు ఆయన జీవితమును తలచుకొనవలెను. వైరము అక్కరలేదు, ఒకదాని సంగతి మరొకదానికి తెలిసియుండిన చాలును.

పరిశోధనలు చెప్పునదెంత?

త్రిఫలముపై ప్రయోగశాలలలో జరిగిన పరిశోధనలు పెక్కు కలవు. మద్రాసు విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో ప్రకటించిన ప్రయోగమున, పెద్దధ్వనులతో బెదరగొట్టిన ఎలుకలలో తెల్లకణముల పనితీరు మారగా, ముందుగా త్రిఫలము నిచ్చిన ఎలుకలలో ఆ మార్పులు అణగియుండెను. 2008లో వేలూరు పరిశోధకులు యూరిక్ ఆమ్లపు స్ఫటికములచే కీళ్లవాపు కలిగించిన చుంచెలుకలకు త్రిఫలము నిచ్చి, వాపు తగ్గుట గమనించిరి. మొదటి ప్రయోగము రక్షణశక్తిని నిలుపుటను చూపగా, రెండవది అదే శక్తి ఆగ్రహమును అణచుటను చూపినది. కనుక ‘పెంచును’ అను ఒక్కమాటలో త్రిఫలపు గుణము ఇమడదు. అది ఒకచోట ఎత్తును, మరొకచోట దించును.

మనుష్యులపై జరిగిన పరీక్షలు కొద్ది. 2012లో థాయిలాండు పరిశోధకులు 20 మంది ఆరోగ్యవంతులకు రెండు వారములపాటు దినమునకు 1050 మిల్లీగ్రాముల త్రిఫలము నిచ్చిరి. రక్తములోని రెండు జాతుల తెల్లకణముల సంఖ్య హెచ్చినది; చెడుఫలితములు కనబడలేదు. ఇది సంతోషింపదగిన వార్తయే. కాని దీనిని చదువునప్పుడు నాలుగు సంగతులు మరువరాదు. పాల్గొన్నవారు ఇరువదిమందియే. వారందరు ఆరోగ్యవంతులు, మందులు మింగు వృద్ధులు కారు. గడువు రెండు వారములే. కొలిచినది కణముల సంఖ్యయే గాని, వారికి జలుబుగాని జ్వరముగాని తక్కువసార్లు వచ్చినదా అనునది కాదు. మరియు వారు తీసికొనినది గ్రాముకు కొంచెము మించిన పరిమాణము. మన యిండ్లలో వాడు నిండు చెంచా దానికి రెండుమూడింతలుండును.

అనగా, త్రిఫలము శరీర రక్షణవ్యవస్థను తాకగలదని చెప్పుటకు ఆధారమున్నది. ఫలానా రోగమునుండి కాపాడునని చెప్పుటకు మాత్రము ఈ పరీక్షలు చాలవు. తాకగల శక్తి యున్నదనుటయే జాగ్రత్తకు మొదటి కారణము.

ఏమి జరిగినది?

నా మాట నమ్మి అమ్మ ప్రతిరాత్రియు నిండు చెంచాడు త్రిఫలమును వేడినీటిలో కలుపుకొని త్రాగజొచ్చెను. మొదట కడుపు తేలికపడినదని సంతోషించెను. మూడవ వారమునకు విరేచనములు దినమునకు నాలుగైదైనవి. నీరసమును వయసుమీద నెట్టి ఊరకుండెను. మెథోట్రెక్సేట్ వాడువారికి వైద్యులు కాలేయమును, మూత్రపిండములను, రక్తకణములను తెలుపు పరీక్షలు క్రమముగా చేయింతురు. ఆ నెల పరీక్షలో కాలేయపు అంకెలు పెరిగియుండెను. వైద్యురాలు “కొత్తగా ఏమైన తీసికొనుచున్నారా?” అని అడిగెను. అమ్మ లేదనెను. ఆమె అబద్ధమాడలేదు, త్రిఫలము ఆమె దృష్టిలో మందు కాదు, ఇంటి వస్తువు. చెప్పవలసినవాడను నేను. నాకును తోచలేదు. ఇంటికి వచ్చి వంటింటి అలమరలో ఆ డబ్బాను చూచినప్పుడు తోచినది.

మరునాడు డబ్బాను తీసికొనిపోయి చూపితిని. వైద్యురాలు కోపింపలేదు, ఎగతాళి చేయలేదు. రెండు సంగతులు చెప్పెను. మొదటిది: విరేచనములచే శరీరమున నీరు తగ్గినచో మూత్రపిండములు మెథోట్రెక్సేట్‌ను బయటకు పంపుట మందగించును, మందు రక్తమున నిలిచి విషమువలె పనిచేయవచ్చును. రెండవది: కాలేయపు అంకెలు మాత్రవలన పెరిగినవో, చూర్ణమువలన పెరిగినవో, రెండును కలిసియో ఇప్పుడు చెప్పజాలము. రెంటిని ఆపి చూడవలసినదే. అట్లు ఆపిరి. కొన్ని వారములకు అంకెలు దిగినవి. కారణమేదో మాత్రము తేలలేదు. ఈలోగా మాత్ర లేనందున అమ్మ వ్రేళ్లు వాచి, జడ వేసికొనుటకును చేతులు లేవక బాధపడెను. త్రిఫలము ఆమెకు కీడుచేసినదని నేను అనను. చెప్పకుండుటవలన కీడు జరిగినదని మాత్రము నిశ్చయముగా అందును.

జాగ్రత్తపడవలసిన తావులు

మన శాస్త్రములే కొందరిని హెచ్చరించినవి. ప్రయాణముచే అలసినవారు, కృశించినవారు, ఉపవాసముచే నీరసించినవారు, పిత్తాధిక్యము గలవారు, గర్భిణులు కరక్కాయను సేవింపరాదని భావప్రకాశము చెప్పుచున్నది. ‘కాయల పొడియే కదా’ అన్నది మన పూర్వులు కాదు, మనము.

మధుమేహమునకు మందు వాడువారు త్రిఫలము చక్కెరను మరికొంత దింపవచ్చునని తెలిసి, వైద్యుని అడిగి, రక్తములోని చక్కెరను చూచుకొనుచుండవలెను. రక్తము గడ్డకట్టకుండ మందు వాడువారును, గుండెజబ్బునకు పలుమందులు వాడువారును అడుగక తీసికొనరాదు. కాలేయమున మందులను విరుగగొట్టు కొన్ని ఎంజైములను త్రిఫలము మందగింపజేయునని ప్రయోగశాలలో తేలినది. ఆ ప్రభావము స్వల్పమే. అయినను కొద్ది హెచ్చుతగ్గులకే అపాయము తెచ్చు మందుల విషయమున స్వల్పమనియు ఉపేక్షింపరాదు.

రెండవ అపాయము కాయలలో లేదు, కల్తీలో నున్నది. అమెరికాలో బోస్టను ప్రాంతపు అంగళ్లలో కొన్న 70 ఆయుర్వేద ఔషధములలో 14 ఔషధములయందు సీసముగాని, పాదరసముగాని, ఆర్సెనిక్ గాని ఉన్నట్లు 2004లో ప్రకటించిరి. 2008లో 193 ఔషధములను పరీక్షింపగా సుమారు అయిదింట ఒకదానిలో ఆ లోహములు కనబడినవి. అవి యన్నియు త్రిఫల చూర్ణములు కావు. కాని పేరులేని పొట్లములో నున్నదేమో నాలుకకు తెలియదు.

మూడవది, ఒక మూలికకు వచ్చిన పేరు చూచి మరొకదానిని మింగుట. కరోనా కాలమున ‘నిరోధకశక్తి’ కొఱకు తిప్పతీగను వాడినవారిలో ఆరుగురికి కాలేయపు దెబ్బ తగిలినట్లు ముంబై వైద్యులు 2021లో ప్రకటించిరి. 2022లో మన దేశమునందలి 13 వైద్యకేంద్రముల వారు కలిసి 43 మంది వృత్తాంతమును వెల్లడించిరి. వారిలో పలువురికి శరీరము తన కాలేయమునే శత్రువుగా భావించు లక్షణములు కనబడెను. భారత ఆయుష్ మంత్రిత్వశాఖ దీనిని అంగీకరింపక, దానివలె కనబడు వేరొక తీగను వాడియుందురని వాదించినది. ఏది నిజమైనను మనకు పాఠమొక్కటే: తీగ అదియే యైనచో నిరోధకశక్తిని కదిలించుట ఆట కాదు, వేరొకటి యైనచో గుర్తింపులేని పొట్లము నమ్మదగినది కాదు. తిప్పతీగ వేరు, త్రిఫలము వేరు. ఆ నిందను దీనిపై మోపుట న్యాయము కాదు. కాని ‘ప్రకృతిసిద్ధము గనుక నిరపాయము’ అను మాటకు ఇక్కడితో స్వస్తి చెప్పవలెను.

జర్మనీ నేర్చిన పాఠము

ఈ పాఠమును జర్మనులు కన్నీటితో నేర్చిరి. నిరపాయమని నమ్మి గర్భిణులు వాడిన థాలిడోమైడ్ అను నిద్రమాత్రవలన వేలాది శిశువులు అవయవలోపములతో జన్మించిరి. 1961 నవంబరులో ఆ మాత్రను అంగళ్లనుండి తొలగించిరి. 1976లో చేయబడి 1978 జనవరి 1నుండి అమలైన ఔషధచట్టము, మందు అమ్మువారు దాని గుణమును, నిరపాయతను ముందుగా నిరూపింపవలెనని శాసించెను. అది మూలికలకును వర్తించినది. 1978లోనే మూలికల గుణదోషములను విచారించుటకు ‘కమిషన్ ఇ’ అను నిపుణుల సంఘము ఏర్పడి, వందలకొలది మూలికలపై తీర్పులు వెలువరించెను. ఈ దేశమున మూలికలను చులకనగా చూడరు. గౌరవించుదురు గనుకనే ప్రశ్నింతురు. ఔషధముల చెడుఫలితములను నమోదుచేయు కేంద్రసంస్థ బాన్ నగరమున నున్నది. జీగెన్‌ను తాకి పారు జీగ్ నది రైన్ నదిలో కలియుట ఆ నగర సమీపముననే.

అయితే త్రిఫలము ఇక్కడ సాధారణముగా ఔషధముగా గాక ఆహారపూరకముగా అమ్మబడుచున్నది. పూరకముల గుణమును ముందుగా నిరూపింపనక్కరలేదు. ప్రభుత్వమునకు తెలియజేసిన చాలును. కనుక అంగడిలో దొరకినంతమాత్రమున పరీక్షకు నిలిచినదని తలంపరాదు. మలేషియాలోని పాఠకులకు ఒక సౌకర్యము కలదు. అక్కడ సంప్రదాయౌషధములు నమోదు కావలెను. ‘ఎం.ఏ.ఎల్.’ అని మొదలై ‘టి’ అను అక్షరముతో ముగియు నమోదు సంఖ్య డబ్బాపై ఉన్నదా యని చూచుకొనవలెను. ఆ సంఖ్య లేని పొట్లమును, తెచ్చినవారు ఎంత దగ్గరివారైనను, సేవింపకుండుట మేలు.

ఆచరణకు కొన్ని సూత్రములు

1. ఇంటి పెద్దలు సేవించునవన్నియు, చూర్ణములు, కషాయములు, లేహ్యములు, తైలములతో సహా ఒక కాగితముపై వ్రాయుడు. జర్మనీలో మూడుగాని అంతకుమించిగాని మందులు వాడువారు వైద్యునినుండి మందుల పట్టికను పొందు హక్కును 2016నుండి కలిగియున్నారు. త్రిఫలమునుకూడ అందులో చేర్పింపుడు.

2. వైద్యుడు ఇచ్చిన మాత్రను చూర్ణముకొఱకు మానరాదు. రెంటికి పొత్తు కుదరదని తోచినచో ముందు చూర్ణమును ఆపి, పిమ్మట అడుగుడు.

3. నిరోధకశక్తిని అణచు మందులు వాడువారు, అవయవమార్పిడి జరిగినవారు, గర్భిణులు, పాలిచ్చు తల్లులు, కాలేయ మూత్రపిండ వ్యాధులు గలవారు వైద్యుని అనుమతి లేక త్రిఫలము సేవింపరాదు.

4. ఆరోగ్యవంతులు సేవించినను కొద్దిమాత్రతో మొదలుపెట్టవలెను. విరేచనములైనచో ఆపవలెను. కన్నులు పచ్చబడినను, మూత్రము ముదురురంగైనను, దురద పుట్టినను జాగుచేయక వైద్యుని చూడవలెను.

5. చిన్నవారు పెద్దలను ‘ఏమి మందులు వేసుకుంటున్నారు?’ అని మాత్రమే అడుగరాదు. ‘ఇంకేమి తాగుతున్నారు, ఏమి తింటున్నారు?’ అనియు అడుగవలెను. మన పెద్దలకు చూర్ణము మందు కాదు.

అమ్మ ప్రశ్నకు నేను ఆలస్యముగా ఇచ్చిన సమాధానమిది: “డాక్టరు మాటా వినాలి, పొట్లం మాటా వినాలి. కాని పొట్లం ఏమంటోందో ముందు డాక్టరుకు వినిపించాలి.” ఆమె మాత్రను మరల వేసికొనుచున్నది. త్రిఫలపు డబ్బాను మూతపెట్టి అలమరలోనే ఉంచినది. గత కార్తిక పౌర్ణమినాడు ఆసియా అంగడిలో నాలుగు ఉసిరికాయలు దొరకగా, రెండింటిపై దీపములు పెట్టి, రెంటిని పప్పులో వేసెను. పప్పు రుచిచూచి, “దీనికీ డాక్టరును అడగాలా?” అని నవ్వెను. పప్పులోని ఉసిరికి అక్కరలేదని వైద్యురాలు ముందే చెప్పియుండెను.

ఈ సంచికను చదువు సోదరీసోదరులారా! మీ యింటి అలమరలోని డబ్బాను ఒకసారి తీసి చూడుడు. దానిపై నున్న మాటలను మీ తల్లిదండ్రులకు చదివి వినిపింపుడు. వారడుగు ప్రశ్నకు నావలె నవ్వి ఊరకుండకుడు.